ఒకే కోర్సులో మూడు చదువులు

ఇంజనీరింగ్ మొదటి ఏడాది క్లాసులు మొదలై మూడో వారం రాగానే ల్యాబ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మేడమ్, యాప్‌లు ఎప్పుడు చేస్తాం?" అలా అడిగే పిల్లల ముందు పది అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చే సి ప్రోగ్రామ్ ఉంటుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు. జేబులోని ఫోన్‌కీ ఈ తెరకీ సంబంధం ఏమిటో వాళ్లకు తోచదు. తోచకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. మనం ఆ సంబంధం చెప్పకుండానే సిలబస్ మొదలుపెడతాం.

బయటికి వెళ్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తిరిగితే జావా, పైథాన్, ఫుల్ స్టాక్, డేటా సైన్స్ అంటూ బోర్డుల మీద బోర్డులు. ఇంట్లో అమ్మానాన్నలకు ఇవన్నీ కలిపి ఒకటే మాట: "మావాడు కంప్యూటర్స్ చదువుతున్నాడు." 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరిచిన దగ్గర్నుంచి ఈ నగరంలో ఆ మాటకున్న బరువు నాకు తెలుసు. కానీ ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు చదువులున్నాయి. మొదటి ఏడాది కోర్సు ఆ మూడింటినీ కలిపి ఒకే పేరుతో పిల్లల చేతిలో పెడుతుంది. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది.

మొదటిది కంప్యూటర్ సైన్స్. ఒక పనిని అడుగులుగా విడగొట్టగలమా, ఎన్ని అడుగులు పడతాయి, అంతకంటే తక్కువలో అవుతుందా అని ఆలోచించే శాస్త్రం. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు. 1936లో అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లండ్ గణితవేత్త ఈ ప్రశ్నను గణితంగా వేసినప్పుడు ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అనేదే పుట్టలేదు. ఇలా అడుగులుగా చెప్పిన పద్ధతినే అల్గారిదమ్ అంటారు. ఆ మాటైతే తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త పేరు నుంచి వచ్చింది.

క్లాసులో నేను దీన్ని మన మెట్రోతో మొదలుపెడతాను. నాగోల్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాలి. పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి జేబీఎస్ లైన్ పట్టుకుని నారాయణగూడ మీదుగా వెళ్లొచ్చు. లేదంటే అలాగే కూర్చుని అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మియాపూర్ నుంచి వచ్చే బండిలోకి మారొచ్చు. మన కంటికి మొదటిదే దగ్గరని మ్యాప్ చూడగానే తెలుస్తుంది. మ్యాప్ లేకుండా, "ఈ స్టేషన్ పక్కన ఫలానా స్టేషన్ ఉంది" అనే జాబితా ఒక్కటే చేతిలో ఉంటే ఎలా తేలుస్తారు? పిల్లలు పావుగంట కుస్తీ పడి ఒక పద్ధతి చెప్తారు: నాగోల్‌కి ఒక్క స్టేషన్ దూరంలో ఉన్నవన్నీ రాసుకోవాలి, తర్వాత రెండు స్టేషన్ల దూరంలో ఉన్నవన్నీ, తర్వాత మూడు. ఎంజీబీఎస్ పేరు ఎప్పుడు తగిలితే అదే తక్కువ దూరం. వాళ్లంతట వాళ్లే కనుక్కున్న ఈ పద్ధతి పుస్తకాల్లో పెద్ద పేరుతో ఉంది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడుగుతుంది: "తక్కువ అంటే స్టేషన్లా, నిమిషాలా?" ఆ ప్రశ్నతో అసలు చదువు మొదలవుతుంది. స్టేషన్లు లెక్కపెట్టే పద్ధతి నిమిషాలకు పనికిరాదు. ఒక్కో జంట స్టేషన్ల మధ్య పట్టే సమయం వేరు, బండి మారడానికి పట్టే సమయం వేరు. దానికి వేరే పద్ధతి కావాలి. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1959లో ప్రచురించినది అలాంటిదే. ఫోన్‌లోని మ్యాప్‌లు దారి వెతికే పద్ధతులకు మూలం అదే కుటుంబం. ఇంత జరిగినా బోర్డు మీద ఒక్క ప్రోగ్రామ్ లైను కూడా రాయలేదు.

రెండోది ప్రోగ్రామింగ్. కనుక్కున్న పద్ధతిని, ఏ చిన్న తేడానూ క్షమించని భాషలో చెప్పడం. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, లెక్కల్లో వందకు తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ఎందుకో చాలా ఏళ్లు గమనించాక నాకు అర్థమైంది. వాళ్లు తెలివితక్కువై కాదు, లెక్కలు బాగా వచ్చినందుకే తడబడతారు.

బాకీ = బాకీ + 40.

లెక్కల పుస్తకంలో ఇది పచ్చి అబద్ధం. ఏ సంఖ్యా తనకు నలభై కలిపితే వచ్చే సంఖ్యతో సమానం కాదు. రెండేళ్లు సమీకరణాలతోనే గడిపిన పిల్లవాడి మనసు దీన్ని ఒప్పుకోదు. ప్రోగ్రామ్‌లో అది సమానం గుర్తు కాదు, ఒక ఆజ్ఞ. పలక మీద ఉన్న పాత బాకీ చూడు, దానికి నలభై కలుపు, పాతది తుడిచి కొత్తది రాయి. ప్రోగ్రామ్‌లో ఇలా విలువ రాసుకునే చోటును వేరియబుల్ అంటారు, అదే మన పలక. నేను నిజంగానే ఒక పలక తెచ్చి, రాసి, తుడిచి చూపిస్తాను. తుడిచాక పాత అంకె ఏమైందని అడుగుతాను. పోయింది. కావాలనుకుంటే తుడవకముందే ఇంకో పలక మీద రాసుకోవాల్సింది. రెండు పలకల మీది అంకెలను అటుదిటు ఇటుదటు మార్చడానికి మూడో పలక ఎందుకు కావాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో ముడి ప్రింట్‌కీ రిటర్న్‌కీ మధ్య పడుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక పనిని విడిగా చేసిపెట్టే ముక్కను ఫంక్షన్ అంటారు. అది జవాబును తెర మీద చూపిస్తే చాలు కదా, మళ్లీ రిటర్న్ ఎందుకని అడుగుతారు. తమ్ముణ్ని వంద రూపాయలిచ్చి కొట్టుకు పంపారనుకోండి. వాడు వీధిలోంచే "ఇరవై రెండు రూపాయలు మిగిలాయక్కా!" అని అరిస్తే అది ప్రింట్. ఇంట్లోకి వచ్చి ఆ ఇరవై రెండు రూపాయలు చేతిలో పెడితే అది రిటర్న్. అరిచిన మాటతో పాల ప్యాకెట్ కొనలేం. ప్రోగ్రామ్‌లోని మిగతా భాగం ఆ జవాబును వాడుకోవాలంటే అది చేతికి రావాలి.

మూడో ముడి, చూడటానికి చిన్నది, జీవితాంతం వేధించేది: ఏది అంకె, ఏది అంకెలా కనిపించే పేరు. సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం వెళ్లే 49ఎమ్ బస్సు నంబర్‌ను ఎవరూ అంకెగా పెట్టరు, చివర అక్షరం ఉంది కాబట్టి. కానీ 216 బస్సు? అదీ పేరే. రెండు బస్సుల నంబర్లను ఎవరూ కూడరు, సగటు తీయరు. ఫోన్ నంబరూ అంతే, సున్నాతో మొదలయ్యే హాల్ టికెట్ నంబరూ అంతే. అంకెగా దాస్తే ముందున్న సున్నా మాయమవుతుంది. కూడికకు అర్థం ఉంటేనే అంకె, లేకపోతే పేరు. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

తప్పులు దొరకబుచ్చుకోవడం గురించి కోర్సులో విడిగా పాఠం ఉండదు. నా లెక్కలో సగం కోర్సు అదే. లైను చివర పెట్టాల్సిన సెమికోలన్ మరిచిపోతే కంప్యూటర్ వెంటనే అరుస్తుంది, అది మంచి తప్పు. సి భాషలో షరతు పెట్టే ఇఫ్ లోపల, పోల్చడానికి వాడే రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెడితే చాలాసార్లు ప్రోగ్రామ్ నిక్షేపంగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది. అది చెడ్డ తప్పు. అలాంటిది పట్టుకోవాలంటే కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో లైనుకీ ఏ పలక మీద ఏముందో రాసుకుంటూ పోవాలి. పిల్లలకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. మొదటి సెమిస్టర్‌లో ఇలా పాతిక ప్రోగ్రామ్‌లు చేత్తో నడిపినవాళ్లు రెండో ఏడాదిలో ఎక్కడా ఆగిపోవడం నేను చూడలేదు.

ఇక మూడో చదువు, అందరూ అడిగే యాప్. ఇక్కడ పిల్లలు తడబడటానికి కారణం కొత్త భాష కాదు, అజమాయిషీ తారుమారవడం. ఇది ఏ సిలబస్‌లోనూ రాసి ఉండదు.

ల్యాబ్‌లో రాసే ప్రోగ్రామ్ సత్యనారాయణ వ్రతం చేయించే పంతులుగారి లాంటిది. "ఆచమనం చేయండి, అక్షతలు తీసుకోండి, ఇప్పుడు నీళ్లు వదలండి" అంటూ వరస ఆయన చేతిలో ఉంటుంది. చేసేవాళ్లు ఆయన చెప్పినప్పుడు చెప్పినట్టు చేస్తారు. ప్రోగ్రామ్ కూడా అంతే. మొదటి అంకె ఇవ్వండి అంటుంది, ఇస్తాం. రెండోది అడుగుతుంది, ఇస్తాం. జవాబు చెప్పి ముగుస్తుంది.

యాప్ అలా కాదు, అది కిరాణా కొట్టు. షట్టర్ ఎత్తి కూర్చోవాలి. ఎవరొస్తారో, ఏం అడుగుతారో, ఏ వరసలో అడుగుతారో కొట్టాయన చేతిలో లేదు. ఒకరు ఉప్పు అడిగి, తూచేలోపు వద్దని పప్పు అడుగుతారు. మధ్యలో ఫోన్ మోగుతుంది. కరెంటు పోతుంది. "ఈ బటన్ నొక్కితే ఇది చెయ్యి, ఆ పేరు ముట్టుకుంటే అది చెయ్యి" అని విడివిడి ముక్కలుగా రాసి పెట్టి కాచుకుని ఉండాలి. మొత్తం ప్రోగ్రామ్‌కి పై నుంచి కింద దాకా చదవగలిగే ఒకే దారి ఉండదు. పంతులుగారి పద్ధతికి అలవాటు పడిన మనసు కొట్టాయన పద్ధతికి మారడానికి టైమ్ పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే "నాకు ప్రోగ్రామింగ్ రాదేమో" అని పిల్లలు దిగులు పడతారు.

కొట్టు పోలిక నేను ఊరికే తేలేదు. రెండేళ్ల కిందట మా క్లాసులో ఒకమ్మాయి మినీ ప్రాజెక్ట్‌గా వాళ్ల నాన్న కొట్టుకు ఖాతా యాప్ చేస్తానంది. మూసాపేటలో చిన్న కిరాణా. ఉద్దెర లెక్కలన్నీ పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో ఉంటాయి. యాప్ ఇన్వెంటర్ వాడమన్నాను. 2010లో గూగుల్ మొదలుపెట్టి, 2012 నుంచి అమెరికాలోని ఎమ్‌ఐటీ నడుపుతున్న ఉచిత సాధనం అది. బ్రౌజర్‌లో రంగు రంగుల బిళ్లలు ఒకదానికొకటి తగిలించి ప్రోగ్రామ్ తయారు చేయొచ్చు, కేబుల్ కూడా లేకుండా ఫోన్‌లో నడిపి చూసుకోవచ్చు. బిళ్లలతో చేసేది అసలు ప్రోగ్రామింగ్ కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. సెమికోలన్ల బాధ తప్పితే, ఆలోచించాల్సిందంతా అందులోనూ ఆలోచించాల్సిందే. ఆ అమ్మాయి ఎదుర్కొన్నవి చెప్తాను, మీరే చూడండి.

మొదటి రాత్రి పేర్లు, బాకీలు ఎక్కించింది. పొద్దున నాన్నకు చూపిద్దామని తెరిస్తే అంతా ఖాళీ. వేరియబుల్ అంటే పలకేనని చెప్పుకున్నాం కదా, యాప్ మూసేస్తే పలకలన్నీ పోతాయి. ఉండాల్సినదాన్ని ఫోన్‌లో శాశ్వతంగా దాచాలి. దానికి యాప్ ఇన్వెంటర్‌లో టైనీడీబీ అని ఒకటుంది. ఒక పేరు చీటీ, దాని కింద ఒక విలువ, అంతే. చీటీ మీద "లక్ష్మి" అని రాసి 640 దాస్తే, ఎప్పుడు "లక్ష్మి" అని అడిగినా 640 ఇస్తుంది.

వారం బాగానే నడిచింది. ఎనిమిదో రోజు వాళ్ల నాన్న ఫోన్ చూసి, "ఇదేంది బిడ్డా, లక్ష్మి బాకీ తొంభైయేనా?" అన్నాడట. కొట్టుకు ఇద్దరు లక్ష్ములు వస్తారు. మూడో అంతస్తు లక్ష్మి, ఇస్త్రీ బండి లక్ష్మి. రెండో ఆవిడను కొత్త ఖాతాగా ఎక్కించగానే అదే చీటీ కింద పాత 640 పోయి 90 వచ్చి కూర్చుంది. టైనీడీబీ తన పని తాను సరిగ్గానే చేసింది. ఒక చీటీకి ఒకటే విలువ. పుస్తకంలో ఆయన ఎప్పుడూ ఈ ఇబ్బంది పడలేదు, ఎందుకంటే ఎవరు ఏ లక్ష్మో ఆయనకు ముఖం చూస్తే తెలుసు. యాప్‌కు ముఖం లేదు.

ఫోన్ నంబర్‌ను చీటీగా పెడదామంది. మూడో అంతస్తు ఆవిడకు, ఆవిడ కొడుక్కు ఒకటే నంబర్. ఇస్త్రీ బండి ఆవిడ ఆర్నెల్లకోసారి సిమ్ మారుస్తుంది. చివరికి ఒక్కొక్కరికీ యాప్ తానే ఒక వరస సంఖ్య ఇచ్చుకునేలా చేసింది. పేరు, నంబర్ మారినా ఆ సంఖ్య మారదు. డేటాబేస్ పాఠంలో ప్రైమరీ కీ అనే మాట రెండో ఏడాదిలో వస్తుంది. అది వచ్చేసరికి ఈ అమ్మాయికి దాని అవసరం అనుభవంలో ఉంది.

తర్వాత బటన్. పాత ఫోన్, నెమ్మదిగా కదులుతుంది. వాళ్ల నాన్న "రాయి" అని నొక్కి, ఏమీ కదల్లేదని ఇంకోసారి నొక్కాడు. నలభై రూపాయల నూనె ప్యాకెట్ ఎనభై అయింది. కొట్టుకు వచ్చే మనిషిని "ఒక్కసారే నొక్కండి" అని కట్టడి చేయలేం. నొక్కగానే బటన్ నిద్రపోయి, రాయడం అయ్యాక లేచేలా రెండు బిళ్లలు తగిలించింది. యాప్ తయారీలో ఎక్కువ భాగం ఇలాంటిదే. మనిషి వేలు ఎలా కదులుతుందో ముందే ఊహించి పెట్టుకోవడం.

డబ్బుల దగ్గర నేనే ముందు జాగ్రత్త చెప్పాను. పైథాన్‌లో 0.1 + 0.2 ఎంతని అడిగితే 0.30000000000000004 అని వస్తుంది. పిల్లలు మొదటిసారి చూసినప్పుడు కంప్యూటర్ చెడిపోయిందనుకుంటారు. మన పదంకెల లెక్కలో మూడోవంతును రాయబోతే 0.333 అంటూ ఎంతకూ తెగదు. కంప్యూటర్‌కున్నవి సున్నా, ఒకటి రెండే అంకెలు. ఆ లెక్కలో పదోవంతు అలాగే ఎంతకూ తెగదు. ఎక్కడో కత్తిరించాలి, ఆ కత్తిరింపే చివర 4గా తేలుతుంది. అందుకే డబ్బును రూపాయల దశాంశాల్లో దాచకూడదు, పైసలుగా మార్చి పూర్ణసంఖ్యగా దాచాలి. తెర మీద చూపించేటప్పుడు మాత్రం వందతో భాగించుకోవచ్చు.

మన భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, దీని మీద నాకు పట్టింపు ఎక్కువ. సి పుస్తకాల ఉదాహరణల్లో మనిషి పేరుకు ఇరవై గళ్లు, అంటే ఇరవై బైట్లు, కేటాయించడం మామూలు. "లక్ష్మి" అని తెలుగులో రాయండి. కంటికి రెండక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతిలో దాచేటప్పుడు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు ముక్కలు. ఇప్పుడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు ముక్క ఒక్కోదానికి మూడు బైట్లు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, చివర ముగింపు గుర్తుకు ఇంకొకటి. రెండక్షరాల లక్ష్మి ఇరవై గళ్లలో పట్టదు. పైథాన్‌ను పొడవెంతని అడిగితే ఏడు అంటుంది. ఇంగ్లీషు అక్షరమంటే ఒక బైటు అన్న అలవాటుతో రాసిన ప్రోగ్రామ్ మన పేర్లను సగంలో తెంపేస్తుంది, వెనక్కి తిప్పమంటే గుడిని మ కంటే ముందుకు తెస్తుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వచ్చినప్పుడు ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలడం, యాపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు తమ మొదటి ప్రోగ్రామ్‌ను "రాము"తో కాకుండా "లక్ష్మి"తో, "శ్రీకృష్ణ"తో పరీక్షించాలని నేను గట్టిగా అడుగుతాను. మన అక్షరాలతో పరీక్షించాల్సింది మనమే.

సి మంచిదా, పైథాన్ మంచిదా అన్న వాదనలో నేను ఎక్కువసేపు ఉండను. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో డెనిస్ రిచీ చేసిన సి, మెమరీలో ఏం జరుగుతుందో దాచకుండా చూపిస్తుంది, అందుకే కష్టం. 1991లో బయటికొచ్చిన పైథాన్ ఆ వివరాలు దాచి పని ముందుకు నడిపిస్తుంది, అందుకే సులువు. ఏది ముందు నేర్చుకున్నా రెండోది నెల రోజుల్లో వస్తుంది. ఖరీదైన ల్యాప్‌టాప్ కూడా మొదటి సెమిస్టర్‌కు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో కాట్లిన్ భాషతో పెద్ద యాప్‌లు చేసే రోజు వచ్చినప్పుడు ఎక్కువ ర్యామ్ ఉన్న మిషన్ కావాలి, అప్పుడు చూసుకోవచ్చు.

"ఇదంతా ఏఐని అడిగితే ఒక్క నిమిషంలో రాసిస్తుంది కదా" అని ఈమధ్య తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. రాసిస్తుంది, బాగానే రాసిస్తుంది. కానీ మూసాపేట కొట్టుకు ఇద్దరు లక్ష్ములు వస్తారని దానికి ఎవరు చెప్పాలి? వచ్చిన ప్రోగ్రామ్‌లో డబ్బు దశాంశాల్లో ఉందో పైసల్లో ఉందో ఎవరు చూడాలి? చూడటం తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో రాసి, చెడగొట్టి, బాగుచేసి ఉండాలి. అందుకే మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో నేను దాన్ని వాడనివ్వను. రెండో సెమిస్టర్ నుంచి వద్దనను.

ఆ యాప్ మూడో నెలలో కూడా వాళ్ల నాన్న ఎర్ర పుస్తకం పక్కన పెట్టలేదు. రెండింట్లోనూ రాస్తున్నాడు. ఒకరోజు మూడో అంతస్తు లక్ష్మి పురుగు పట్టిన కందిపప్పు వెనక్కి తెచ్చిచ్చింది. దీన్ని ఎలా రాయాలని ఆయన అడిగాడు. పాత ఎంట్రీ తీసేసే బటన్ పెడతానని అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పుస్తకంలో నాన్న ఏం చేశాడో ముందు చూసి రమ్మన్నాను.

మర్నాడు ఆ పేజీ ఫొటో తీసుకొచ్చింది. కందిపప్పు లైను అలాగే ఉంది, తుడవలేదు. దానికి నాలుగు లైన్ల కింద, ఆ రోజు తారీఖుతో, "పప్పు వాపస్" అని రాసి అంతే మొత్తం తీసివేసి ఉంది. ఆమె డిలీట్ బటన్ ఆలోచన మానేసి, "వాపస్" అనే కొత్త రకం ఎంట్రీ పెట్టింది.